రెటీనా ఊడినప్పుడు లెన్స్ ఎప్పుడు తీయాలి?

పీజీ విద్యార్థి:
58 ఏళ్ల ఆయనకు రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) ఊడింది, మాక్యులా (సూటి చూపునిచ్చే దాని మధ్య భాగం) కూడా లేచిపోయింది. లెన్స్ దాదాపు తేటగానే ఉంది. విట్రెక్టమీ చేసి (కంటిలోని విట్రియస్ అనే జెల్ తీసేసి) గ్యాస్ నింపుతాం. మా యూనిట్‌లో ఒకరు లెన్స్ కూడా ఇప్పుడే తీసేద్దామంటున్నారు, మరొకరు వద్దంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

రెటీనా సర్జన్:
నేనైతే తీసేస్తాను. 50 దాటినవాళ్లలో విట్రెక్టమీ తర్వాత రెండేళ్లలోపే ఎక్కువమందికి శుక్లం ముదురుతుంది. మళ్లీ టేబుల్ ఎక్కించడం ఎందుకు? పైగా లెన్స్ ఉంటే అంచుల దగ్గరి విట్రియస్‌ను పూర్తిగా గొరగడం కష్టం. అవతలి వైపు చేరబోతే జెల్ కోసే కట్టర్ లెన్స్‌కు తగులుతుందనే టెన్షన్. తర్వాత చేసే ఫేకో (శుక్లం తీసే ఆపరేషన్) కూడా తేలిక కాదు. వెనక జెల్ దన్ను ఉండదు కాబట్టి ముందు గది ఒక్కసారిగా లోతైపోతుంది, లెన్స్ చుట్టూ ఉండే క్యాప్సూల్ ఊగిసలాడుతుంది.

శుక్లాల సర్జన్:
సర్, అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఈ కంటికి ఐఓఎల్ (లోపల పెట్టే కృత్రిమ లెన్స్) పవర్ ఏ కొలతతో లెక్క కడతారు? మాక్యులా లేచి ఉంటే అల్ట్రాసౌండ్ కొలత ఆ లేచిన రెటీనా దగ్గరే ఆగుతుంది. కన్ను అసలు కంటే పొట్టిగా కనిపిస్తుంది. ఒక్క మిల్లీమీటర్ తేడా వస్తే అద్దాల పవర్ రెండున్నర డయాప్టర్లకు పైనే మారుతుంది. అవసరానికి మించిన పవర్ పెట్టి మనమే ఆయనకు మయోపియా (దూరం మసగ్గా కనిపించడం) తెచ్చిపెడతాం. గ్యాస్ ఐఓఎల్‌ను ముందుకు నెడితే అది ఇంకాస్త పెరుగుతుంది. రెండో కంటి కొలత వాడొచ్చు, కానీ రెండు కళ్లూ ముందునుంచీ ఒకేలా ఉంటేనే. రెండు పనులూ ఒకేసారి చేస్తే వాపు ఎక్కువ. ఫైబ్రిన్ అనే జిగట పొర కట్టి ఐరిస్ ఐఓఎల్‌కు అతుక్కున్న కళ్లు చూశాను. చూడటానికే బాధేస్తుంది.

రెటీనా సర్జన్:
కొలత విషయంలో మీ మాట కాదనలేను. అయితే శుక్లం దట్టంగా ఉండి రెటీనా కనిపించకపోతే మాత్రం ఆగేది లేదు, అప్పుడే తీయాలి. పీవీఆర్ (రెటీనా మీద మచ్చలాంటి పొరలు పెరగడం) ముదిరి అంచులదాకా పొరలు ఒలవాల్సి వచ్చినా అంతే.

శుక్లాల సర్జన్:
అక్కడ నాకూ అభ్యంతరం లేదు. తేటగా ఉన్న లెన్స్ గురించే నా పట్టు. బయటినుంచి స్క్లెరాను (కంటి తెల్లని పొరను) లోపలికి నొక్కి, వైడ్ యాంగిల్‌లో చూస్తూ చేస్తే లెన్స్ ఉంచి కూడా అంచులు బాగానే గొరగొచ్చు. ఇక 30 ఏళ్లవాళ్లకు లెన్స్ తీస్తే దగ్గర చూపు సర్దుకునే శక్తి శాశ్వతంగా పోతుంది. వాళ్లకు ముందు బకిల్ (కంటి బయట పట్టీ కుట్టి రెటీనాను అతికించడం) గురించి ఆలోచించాలి. బకిల్‌ను విట్రెక్టమీతో పోల్చి 2007లో వచ్చిన ఎస్‌పీఆర్ అధ్యయనంలో సొంత లెన్స్ ఉన్న కళ్లకు బకిల్‌తోనే చూపు మెరుగ్గా వచ్చింది. విట్రెక్టమీ చేసినవాళ్లలో శుక్లం ఎక్కువగా పెరిగింది.

పీజీ విద్యార్థి:
కొలిచి చూశాం మేడమ్. రెండు కళ్లకూ బాగా తేడా ఉంది. లెన్స్ ఉంచేస్తున్నాం, రేపు పొద్దున్నే ఆపరేషన్. ఇప్పటిదాకా ఆయనకు బోర్లా పడుకోవాలని మాత్రమే చెప్పాం. తర్వాత శుక్లం వస్తుందని, రెటీనా కుదురుకున్నాక కొలిచి మరో ఆపరేషన్ చేయాల్సి వస్తుందని ఈ సాయంత్రం పక్కన కూర్చుని చెబుతాను.