జూబ్లీహిల్స్‌లో గెలిచేది మనిషా, పార్టీయా?

కార్మికనగర్ వాసి (చర్చ ప్రారంభం)

2025 నవంబరు 14న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక ఫలితం వెలువడినప్పటి నుంచి, కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ 24,729 ఓట్ల ఆధిక్యంతో గెలవడాన్ని రాష్ట్ర ప్రభుత్వ పాలనపై ప్రజలిచ్చిన తీర్పుగా చాలామంది వ్యాఖ్యానిస్తున్నారు. ఈ నియోజకవర్గంలో ఇప్పటిదాకా జరిగిన ఎన్నికలను వరుసగా చూస్తే ఆ వ్యాఖ్య నిలవదని నా అభిప్రాయం. ఇక్కడి ఓటరు గుర్తు కంటే ముందు మనిషిని చూస్తాడు.

ముందుగా ఒక మాట. జూబ్లీహిల్స్ అనగానే బంగళాలే గుర్తుకు వస్తాయి. కానీ ఆ బంగళాలున్న జూబ్లీహిల్స్ డివిజన్ ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఉంది. ఈ నియోజకవర్గంలో ఉన్నవి బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ, వెంగళరావునగర్, షేక్‌పేట వంటి ప్రాంతాలు. మధ్యతరగతి కాలనీలు ఉన్నా, ఫలితాన్ని తేల్చేది మాత్రం బస్తీలే. ఇక్కడ నాయకుడంటే టీవీలో మాట్లాడేవాడు కాదు. నల్లా రాకపోయినా, డ్రైనేజీ పొంగినా, ఆస్పత్రిలో మంచం దొరకకపోయినా ఫోన్ ఎత్తేవాడు.

నియోజకవర్గాల పునర్విభజనలో ఖైరతాబాద్ నుంచి విడిపోయి ఏర్పడిన ఈ స్థానంలో 2009లో తొలిసారి గెలిచినది విష్ణువర్ధన్ రెడ్డి. ఆయన, బస్తీల నాయకుడిగా పేరు తెచ్చుకున్న పి. జనార్దన్ రెడ్డి కుమారుడు. ఆ తండ్రి పేరే ఆయనకు అండ. తర్వాత మాగంటి గోపీనాథ్ వరుసగా మూడుసార్లు గెలిచారు: 2014లో తెలుగుదేశం అభ్యర్థిగా 9,242 ఓట్లతో, 2018లో టీఆర్‌ఎస్ అభ్యర్థిగా 16,004 ఓట్లతో, 2023లో అదే పార్టీ బీఆర్‌ఎస్‌గా మారాక 16,337 ఓట్లతో. పార్టీ మారినా, పార్టీ పేరు మారినా, ఆధిక్యం పెరుగుతూనే వచ్చింది. 2023లో రాష్ట్రమంతటా కాంగ్రెస్ గాలి వీచి ఆ పార్టీ 64 స్థానాలు గెలిచినా, భారత క్రికెట్ జట్టు మాజీ కెప్టెన్ అజారుద్దీన్‌ను నిలబెట్టినా ఇక్కడ ఓడింది. ఇక 2025లో గెలిచిన నవీన్ యాదవ్ ఎవరు? 2014లో మజ్లిస్ టికెట్‌పై పోటీచేసి రెండో స్థానంలో నిలిచిన యూసుఫ్‌గూడ యువకుడే కదా! గోపీనాథ్ 2025 జూన్‌లో మరణించడంతో ఖాళీ అయిన చోటును బస్తీల్లో ఆయన తర్వాత అంతటి పట్టు ఉన్న మనిషి నింపాడు. ఇందులో ప్రభుత్వంపై తీర్పు ఎక్కడుంది?

మధురానగర్ ఓటరు

కార్మికనగర్ వాసి గారూ, బస్తీల గురించి మీరు చెప్పినది ముమ్మాటికీ నిజం. కానీ మీరు ఉదాహరణగా తీసుకున్న వ్యక్తే మీ వాదనకు అడ్డం వస్తున్నారు. నవీన్ యాదవ్ 2014లో మజ్లిస్ తరఫున 41,656 ఓట్లు తెచ్చుకున్నారు. 2018లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడినప్పుడు ఆయనకు వచ్చినవి దాదాపు 19 వేలు మాత్రమే. 2025లో హస్తం గుర్తుపై 98,988 వచ్చాయి. అదే మనిషి, అవే బస్తీలు. మారినది గుర్తు ఒక్కటే. మనిషిని చూసే ఓటేస్తారన్నది నిజమైతే, 2018లో ఆ ఓట్లలో సగానికి పైగా ఎటు పోయాయి? ఆ ఎన్నికలో మజ్లిస్ ఇక్కడ పోటీచేయకుండా టీఆర్‌ఎస్‌కు మద్దతిచ్చింది. 2025లో కాంగ్రెస్‌కు మద్దతిచ్చింది. ఈ రెండు నిర్ణయాలను పక్కన పెట్టి ఇక్కడి ఫలితాలను చదవడం సాధ్యం కాదు.

గోపీనాథ్ గారి విషయానికి వద్దాం. 2014లో తెలుగుదేశం గెలిచినది ఇక్కడొక్కచోటే కాదు. సనత్‌నగర్, కంటోన్మెంట్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, కుత్బుల్లాపూర్, రాజేంద్రనగర్, ఎల్బీనగర్... నగరం చుట్టూ పసుపు జెండాయే ఎగిరింది. వారిలో చాలామంది తర్వాత అధికార పార్టీలోకి వెళ్లి 2018లో మళ్లీ గెలిచారు. ఇంతమంది ఎమ్మెల్యేలు ఒకే దారిన నడిచి ఒకే ఫలితం పొందినప్పుడు, దానిని ఒక మనిషి గొప్పతనంగా లెక్కించలేము. హైదరాబాద్ ఓటరు అధికారంలో ఉన్నవారితో తగవు పెట్టుకోవడానికి ఇష్టపడడు. పనులు కావాలంటే సర్కారుతో సంబంధమున్న ఎమ్మెల్యే కావాలనుకుంటాడు. 2023లో అధికారం మారుతుందని నగరం ఊహించలేదు. అందుకే హైదరాబాద్ జిల్లాలో కాంగ్రెస్‌కు ఒక్క స్థానం కూడా రాలేదు.

దీనికి తోడు కంటోన్మెంట్‌ను చూడండి. 2023లో బీజేపీ అభ్యర్థిగా ఓడిన శ్రీగణేశ్, 2024 మే ఉప ఎన్నికలో కాంగ్రెస్ టికెట్‌పై 13,206 ఓట్లతో గెలిచారు. అక్కడ దివంగత ఎమ్మెల్యే సోదరి నివేదితను బీఆర్‌ఎస్ నిలబెట్టింది. ఇక్కడ దివంగత ఎమ్మెల్యే సతీమణి సునీత గారిని నిలబెట్టింది. రెండుచోట్లా సానుభూతి చాలలేదు, రెండుచోట్లా గతంలో ఓడిన అభ్యర్థే అధికార పార్టీ కండువాతో నెగ్గారు.

ఎర్రగడ్డ పాఠకుడు

మనిషా, పార్టీయా అని మీరిద్దరూ వాదిస్తున్నారు. ఓటు వేయనివారి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఇంత హోరాహోరీ ప్రచారం తర్వాత కూడా 2025లో పోలింగ్ 48.49 శాతం. ఓటర్లు నాలుగు లక్షలకు పైగా ఉన్న చోట రెండు లక్షల మంది కూడా బూత్‌కు రాలేదు. అభ్యర్థులు 58 మంది కావడంతో ఒక్కో బూత్‌లో నాలుగు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చిందని, ఆ గందరగోళానికి జనం వెనకాడారని కొందరు అంటున్నారు. అది సరికాదు. గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థుల పేర్లు జాబితాలో ముందే ఉంటాయి కనుక, ప్రధాన గుర్తులన్నీ మొదటి యూనిట్‌లోనే కనిపిస్తాయి. పైగా ఇది ఒక్క ఏడాది జబ్బు కాదు. 2018లోనూ, 2023లోనూ ఇక్కడ సగం మంది ఓటు వేయలేదు.

నా దృష్టిలో దీనికి ఓటరు బద్ధకం కంటే జాబితా పెద్ద కారణం. అద్దె ఇంట్లో ఉండే కుటుంబం బోరబండ నుంచి మూసాపేటకు మారుతుంది, కానీ ఓటరు జాబితాలో చిరునామా మార్చుకునే ఫారం 8 ఎవరూ నింపరు. ఊళ్లో ఒక ఓటు, ఇక్కడొక ఓటు ఉన్నవారూ తక్కువేమీ కాదు. లేని మనుషులను హారంలో ఉంచి శాతం కడితే నగరం ఎప్పుడూ దోషిగానే కనిపిస్తుంది.

కార్మికనగర్ వాసి

మధురానగర్ ఓటరు గారు చూపిన 2018 అంకెకు నేను జవాబు చెప్పవలసి ఉంది. ఆ ఏడాది గోపీనాథ్, విష్ణువర్ధన్ రెడ్డి అనే ఇద్దరు స్థానికుల నడుమ పోరు సాగింది. ఏ పార్టీ అండా లేకుండా మూడో మనిషి 19 వేలు తెచ్చుకోవడమే బస్తీల్లో ఆయనకున్న పట్టుకు రుజువు అంటాను. అధికార పార్టీకి ఉప ఎన్నికలు అనుకూలిస్తాయన్న వాదన కూడా అంత గట్టిది కాదు. 2020లో దుబ్బాక, 2021లో హుజూరాబాద్ అధికార టీఆర్‌ఎస్ చేజార్చుకున్నవే. హుజూరాబాద్‌లో పార్టీ మారినా గెలిచినది ఈటల రాజేందర్ అనే మనిషి.

ఇంకొకటి. 2024 లోక్‌సభ ఎన్నికలో ఈ సెగ్మెంట్‌లో కాంగ్రెస్, బీజేపీ మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి, బీఆర్‌ఎస్ మూడో స్థానానికి పడిపోయింది. ఏడాదిన్నర తిరిగేసరికి అదే బీఆర్‌ఎస్‌కు 74,259 ఓట్లు వచ్చాయి, బీజేపీ 17,061 ఓట్లతో డిపాజిట్ కోల్పోయింది. పార్టీని చూసి ఓటేసే చోట ఇంతటి తారుమారు జరుగుతుందా?

మధురానగర్ ఓటరు

జరుగుతుంది. ఢిల్లీకి ఒక పార్టీని, రాష్ట్రానికి మరొక పార్టీని ఎంచుకోవడం కూడా పార్టీని చూసి వేసే ఓటే. సునీత గారు అంతకు ముందు ఎన్నికల్లో నిలబడినవారు కాదు. ఆ 74 వేల ఓట్లు కారు గుర్తుకు, గోపీనాథ్ జ్ఞాపకానికి పడ్డాయి. అందులో దేనికి ఎంత అన్నది మీరూ నేనూ తేల్చలేము.

ఇక లెక్క చూడండి. 2023లో అజారుద్దీన్‌కు 64,212. మజ్లిస్‌కు వచ్చిన ఎనిమిది వేలు కలిపినా 72 వేలు. అక్కడి నుంచి 98,988కి చేరడానికి అవసరమైన 27 వేలలో బీజేపీ, బీఆర్‌ఎస్ కోల్పోయినవి సుమారు 15 వేలు. మిగిలినవి ఎక్కువగా, పెరిగిన పోలింగ్ నుంచి వచ్చి ఉండాలి. ఆ కొత్త ఓట్లు నవీన్ యాదవ్ సొంత బస్తీల నుంచి వచ్చి ఉంటే మీ మాట నెగ్గుతుంది. నియోజకవర్గమంతా సమానంగా పెరిగి ఉంటే నా మాట నెగ్గుతుంది. బూత్‌ల వారీ ఓట్లు ఫారం 20లో ఉంటాయి. యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్ బూత్‌లను 2023 అంకెలతో పక్కపక్కన పెట్టి మీరు చూడండి, షేక్‌పేట, ఎర్రగడ్డ నేను చూస్తాను. బూత్‌ల సరిహద్దులు మారి ఉంటే డివిజన్ మొత్తాలనే పోలుద్దాం.