26 ఏళ్ళకే 8 లక్షల అప్పు: ఐపీ (దివాలా పిటిషన్) పెడితే బయటపడతానా?

కావలి కుర్రాడు:

అన్నలకు, అక్కలకు నమస్కారం. నాది కావలి పక్క ఊరు, ఉద్యోగం నెల్లూరులో. చేతికొచ్చే జీతం 28,000. రొయ్యల గుంట లీజులో భాగం పెట్టి నష్టపోయాను. ఇప్పుడున్న అప్పులు ఇవి: రెండు క్రెడిట్ కార్డుల మీద 1,85,000. పర్సనల్ లోను బాకీ 2,40,000, ఈఎంఐ 8,450. లోన్ యాప్‌లు నాలుగింటికి 62,000. ఊళ్ళో ఇద్దరికి ప్రామిసరీ నోట్ల మీద 3,00,000, నూటికి రెండు రూపాయల వడ్డీ. అందులో ఒక నోటు మీద నాన్న షూరిటీ సంతకం ఉంది. పాడుకున్న చీటీకి ఇంకా 10 వాయిదాలు, నెలకు 5,000 చొప్పున కట్టాలి. దానికి సంతకం చేసిన ఖాళీ చెక్కులు రెండు ఇచ్చాను.

నా పేరున 40 సెంట్ల మాగాణి ఉంది, అయిదున్నర లక్షలు పలుకుతుంది. దాన్ని అమ్మ పేరుకు గిఫ్టు రాసేసి ఐపీ పెడితే అన్నీ పోతాయని తెలిసినవాళ్ళు చెబుతున్నారు. నిజమేనా? ఖర్చెంత, ఎన్నాళ్ళు పడుతుంది?

వకీలు గుమాస్తా, ఒంగోలు:

తమ్ముడూ, గిఫ్టు డీడు సంగతి ముందు మనసులోంచి తీసెయ్. మిగతావన్నీ సర్దుకోవచ్చు గానీ ఆ ఒక్క పని చేస్తే సర్దడం కష్టం.

మన జిల్లాల్లో మామూలు మనిషి ఐపీకి వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 2016 దివాలా కోడ్‌లో చిన్న అప్పులవాళ్ళకు ‘ఫ్రెష్ స్టార్ట్’ (అప్పు మాఫీతో కొత్తగా మొదలుపెట్టే వీలు) ఉందని వీడియోల్లో చెబుతుంటారు. వ్యక్తులకు సంబంధించిన ఆ భాగం కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ళ వరకే 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. నీకు అది వర్తించదు.

1920 చట్టం 53వ సెక్షన్ ప్రకారం, ఐపీ వేయడానికి ముందు రెండేళ్ళలో ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయగలదు. ఆస్తి దాచినట్టు తేలితే 69వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. అసలు ఐపీ లేకపోయినా, అప్పు ఎగ్గొట్టడానికే రాశాడని అప్పులవాళ్ళు విడిగా దావా వేసి ఆ గిఫ్టును కొట్టేయించుకోవచ్చు. ఆ దావాలో మీ అమ్మ కూడా ప్రతివాది అవుతుంది.

ఐపీ నడిచే తీరు ఇది. నువ్వు ఉండే చోటో పనిచేసే చోటో ఏ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడ, మన దగ్గర సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. అప్పు 500 రూపాయలు ఉంటే చాలని చట్టంలో ఉంది, అది పాతకాలపు అంకె. అసలు చూపాల్సింది తీర్చలేని స్థితి. పిటిషన్‌లో ప్రతి అప్పులవాడి పేరు, చిరునామా, బాకీ ఎంతో రాయాలి. ఆస్తులన్నీ విలువలతో సహా చూపాలి, వాటిని కోర్టుకు అప్పగిస్తానని ఒప్పుకోవాలి. ఒక్క పేరు వదిలేసినా తర్వాత గొడవే. అందరికీ నోటీసులు వెళ్తాయి, వాళ్ళు కౌంటర్లు వేస్తారు, నిన్ను బోనులో నిలబెట్టి క్రాస్ చేస్తారు. దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి కోర్టుకో, కోర్టు పెట్టే రిసీవర్‌కో దఖలు పడుతుంది. ఆపైన కోర్టు అనుమతి లేకుండా ఎవరూ ఆ బాకీల మీద కొత్త దావా వేయలేరు. సివిల్ అరెస్టు నుంచి రక్షణ మాత్రం విడిగా అడగాలి, 31వ సెక్షన్.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుని ఊరుకుంటారు. కోర్టు ఇచ్చిన గడువులోగా డిశ్చార్జి (అప్పుల నుంచి విడుదల) దరఖాస్తు పెట్టుకోకపోతే 43వ సెక్షన్ కింద దివాలా ఉత్తర్వే రద్దవుతుంది. మళ్ళీ వేయాలంటే కోర్టు అనుమతి కావాలి. డిశ్చార్జి దొరికినా ప్రభుత్వ బాకీ, మోసం చేసి తెచ్చిన అప్పు, మనోవర్తి పోవు. షూరిటీ కూడా పోదు. నీకు ఐపీ వచ్చినా ఆ నోటు బాకీ మొత్తం మీ నాన్న మీదికి వెళ్తుంది. చెక్ బౌన్స్ క్రిమినల్ కేసు కాబట్టి ఐపీ దాన్ని ఆపదు. తాకట్టు ఉన్న బ్యాంకు తాకట్టు మీదికి పోకుండా కూడా ఆపదు.

ఖర్చు, కాలం ఇంత అని చెప్పడం కుదరదు. అప్పులవాళ్ళు ఎంతమంది, ఎంత గట్టిగా ఎదురు తిరుగుతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నీ లెక్క చూస్తే 8,37,000 అప్పుకు అయిదున్నర లక్షల పొలం ఉంది. కోర్టు చేతికి వెళ్తే అది వేలంలో అమ్ముడుపోతుంది, ఆ ధర నీ చేతుల్లో ఉండదు.

బ్యాంకు బల్ల, నెల్లూరు:

నెల లెక్క వేద్దాం. కార్డులకు నెలకు మూడున్నర శాతం అనుకుంటే 1,85,000 మీద 6,475, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,165, వెరసి 7,640. నోట్ల వడ్డీ 6,000. ఈఎంఐ 8,450. చీటీ 5,000. మొత్తం 27,090. యాప్‌లు ఇంకా కలపలేదు. జీతం 28,000. అంటే తిండికి, గది అద్దెకు కొత్త అప్పు చేస్తున్నావు, యాప్‌లు అలాగే వచ్చుంటాయి. ఒళ్ళు వంచకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది, లెక్కే కుదరదు. నిన్ను నువ్వు తిట్టుకోవద్దు.

పొలం నువ్వే అమ్మితే నోట్లు 3,00,000, కార్డులు 1,85,000, యాప్‌లు 62,000 కలిపి 5,47,000 తీరిపోతాయి. మిగిలేది ఈఎంఐ, చీటీ. రెండూ కలిపి 13,450. చేతిలో 14,550 ఉంటుంది. తాత ఇచ్చిన పొలమైతే బాధే, కానీ మూడో నెలకు అదే పొలం ధర పెరగదు, వడ్డీ మాత్రం పెరుగుతుంది. అప్పుల్లో ఉన్నావని తెలిస్తే బేరం దిగ్గోస్తారు, కాబట్టి ఇద్దరు ముగ్గురిని అడిగే అమ్ము.

ఒక జాగ్రత్త. రెండు దారులు కలపొద్దు. పొలం అమ్మి కావలసినవాళ్ళకు మాత్రం కట్టేసి మూడు నెలల్లోపు ఐపీ వేస్తే, కొందరికి కావాలనే ముందు చెల్లించావని ఆ చెల్లింపులు చెల్లవనే వీలుంది, 54వ సెక్షన్. అమ్మి తీర్చే దారిలో వెళ్తే దాంట్లోనే వెళ్ళు.

కార్డులవాళ్ళు 90 రోజులు దాటాక బాకీని ఎన్‌పీఏ (మొండి బాకీ) చేసి సెటిల్‌మెంట్ మాట్లాడతారు. దానికోసం కావాలని ఎగ్గొట్టమని చెప్పను, సిబిల్‌లో (నీ అప్పుల చరిత్ర రికార్డులో) ‘సెటిల్డ్’ అని పడితే తర్వాత ఇంటి లోను దగ్గర అడ్డుపడుతుంది. మొత్తం కట్టి ‘క్లోజ్డ్’ అనిపించుకోవడమే మేలు. తప్పనిసరైతే మాత్రం ఉత్తరం ముందు, డబ్బు తర్వాత. ఉత్తరంలో మొత్తం ఎంతో, ఏ తేదీలోగానో, దాంతో బాకీ పూర్తిగా తీరినట్టేనని, నో డ్యూస్ (బాకీ లేదనే పత్రం) ఇస్తామని ఉండాలి. డబ్బు లోను ఖాతాకే కట్టు. రికవరీ ఏజెంటు సొంత యూపీఐకి కట్టిన డబ్బు లోనులో జమ కాకుండా పోయిన కేసులు వస్తూనే ఉంటాయి. ‘అప్పు సగానికి చేయిస్తాం, ఫీజు ముందు ఇవ్వండి’ అనే కంపెనీలను దగ్గరికి రానివ్వకు.

జీతం ఖాతా, కార్డు ఒకే బ్యాంకులో ఉంటే జీతం పడగానే బాకీకి మళ్ళించుకునే వీలు బ్యాంకుకు ఉంటుంది. జీతం వేరే బ్యాంకులో పడేలా ఆఫీసులో చెప్పుకో.

రికవరీవాళ్ళు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా చేయొచ్చు, నంబరు 14448. యాప్‌ల విషయంలో, ఆర్‌బీఐ సైట్‌లో డిజిటల్ లోన్ యాప్‌ల జాబితా ఉంది, నీవి అందులో ఉన్నాయేమో చూడు. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు తీసుకునే హక్కు ఏ యాప్‌కూ లేదు. మార్ఫింగ్ ఫొటోలతో బెదిరిస్తే స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్. బెదిరింపుకు భయపడి ఇంకో యాప్‌లో తీసి కట్టకు.

సింగరాయకొండ అక్క:

పైవాళ్ళు చెప్పిందంతా సరే. ఊరి నోట్ల గురించి రెండు ముక్కలు.

కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించుకో, ఎదుటివాళ్ళ సంతకంతో. నగదు ఇచ్చి చెల్లు వేయించుకోకపోతే కోర్టులో కట్టనట్టే చూస్తారు. మొత్తం తీరేటప్పుడు అసలు నోటు చేతికి తీసుకో, ‘ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత ఇస్తాం’ అంటే చివరి వాయిదా ఆపు.

మూడేళ్ళు కావస్తుంటే నోటు తిరగరాయమంటారు. లక్ష నోటుకు రెండు రూపాయల వడ్డీ మూడేళ్ళకు 72,000. తిరగరాస్తే అసలే 1,72,000 అయిపోతుంది, ఇక వడ్డీ దాని మీద. నాన్న షూరిటీ ఉన్న నోటును ముందు తీర్చు, రెండోది తర్వాత. అది న్యాయం కూడా.

చీటీ వాయిదాలు ఆపకు. సంతకం చేసిన ఖాళీ చెక్కు నువ్వు ఇష్టపడి ఇచ్చిందైతే, దాన్ని వాళ్ళు నింపుకున్నా కోర్టు చెల్లుతుందనే మొదలుపెడుతుంది. ‘స్టాప్ పేమెంట్’ పెట్టినా కేసు నుంచి తప్పించుకోలేవు. బౌన్స్ అయితే 30 రోజుల్లో నోటీసు వస్తుంది, అందిన 15 రోజుల్లో కట్టేస్తే కేసు పడదు. నోటీసు కవరు తిప్పిపంపకు, ఆ 15 రోజులే నీకు దొరికే అవకాశం. చివరి వాయిదా రోజే ఆ రెండు చెక్కులూ వెనక్కి అడుగు.

కావలి కుర్రాడు:

చాలా థ్యాంక్స్. గిఫ్టు ఆలోచన వదిలేశాను. ఒక్క సందేహం. పొలం అమ్మేలోపు నోటాయన దావా వేస్తే? జీతం మొత్తం పట్టేస్తారా?

వకీలు గుమాస్తా, ఒంగోలు:

పట్టలేరు. మొదటి 1,000, మిగిలిన దాంట్లో మూడింట రెండొంతులు వదలాలి. 28,000 అయితే 19,000 నీకే, పట్టేది 9,000 దాకా. అదీ ఒకే డిక్రీ (దావాలో కోర్టు తీర్పు) కింద 24 నెలలే.

సమన్లు వస్తే కోర్టుకు వెళ్ళకుండా మాత్రం ఉండొద్దు. 30 రోజుల్లో జవాబు వేయాలి. వెళ్ళకపోతే నువ్వు లేకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, అయిపోతుంది, దాన్ని కొట్టేయించడానికి మళ్ళీ 30 రోజులే. వెళ్ళి అప్పు ఒప్పుకుని, డిక్రీకి ముందే వాయిదాల మీద కట్టే అవకాశం అడుగు. డిక్రీ అయ్యాక అడిగితే ఆయన ఒప్పుకోవాలి.

అంతకన్నా ముందు నెల్లూరు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళి దావా పడకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టమని అడగొచ్చు, ఫీజు లేదు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. అక్కడ కుదిరిన రాజీకి అప్పీలు ఉండదు, డిక్రీతో సమానం. అందుకని కట్టగలిగిన అంకెకే సంతకం పెట్టు. నెలకు 6,000 అని గొప్పకు పోయి రెండో నెల తప్పేకన్నా, 4,000 అని రాయించుకో. వెళ్ళేటప్పుడు జీతం స్లిప్పులు, కట్టిన రశీదులు, అప్పుల జాబితా ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళు.