ఏకే-101, 103: ఎగుమతి కోసం క్యాలిబర్ మారిస్తే లోపల ఏమేం మారతాయి?

నాగావళి (ప్రశ్న)

1990ల మొదట్లో రష్యాలోని ఇజెవ్‌స్క్ ఫ్యాక్టరీ ఏకే-74ఎం రైఫిల్ ఆధారంగా చేసిన కలాష్నికోవ్ (ఏకే) వంద సిరీస్ గురించి అడుగుతున్నాను. 101, 102 నాటో 5.56×45 తూటాకి (గుండు వ్యాసం × కేసు పొడవు, మి.మీ.లో), 103, 104 పాత 7.62×39కి చేశారు. 105 మాత్రం రష్యా సొంత 5.45×39తోనే ఉంది. అంటే మొదటి నాలుగూ ప్రధానంగా బయటి దేశాల కొనుగోలుదారుల కోసమే.

ఒకే రైఫిల్‌ను మూడు తూటాలకు ఎలా సరిపెట్టారు? బారెల్ మారిస్తే చాలా? పెద్ద మార్కెట్ నాటో తూటాదే కదా, మరి 101 కంటే 103 పేరే ఎక్కువ వినపడుతుంది ఎందుకు? ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో తయారవుతున్న ఏకే-203 కూడా ఈ కుటుంబమేనా? తెలిసినవాళ్లు కొలతలతో చెప్తే బాగుంటుంది.

పాతఇనుము

మొదటి ప్రశ్నకు జవాబు తూటా పొడవులో ఉంది. 7.62×39 మొత్తం పొడవు 56 మి.మీ., 5.45×39 సుమారు 57, 5.56×45 సుమారు 57.4. పేరులో 39, 45 అని ఉన్నవి కేసు (తూటా లోహపు గొట్టం) పొడవులు మాత్రమే. గుండుతో కలిపి చూస్తే మూడింటికీ తేడా ఒకటిన్నర మి.మీ. లోపే. మ్యాగజైన్ పట్టే చోటు, బోల్ట్ (తూటాను వెనక నుంచి మూసే భాగం) వెనక్కి ముందుకి కదిలే దూరం మార్చనక్కర్లేదు. అందుకే రిసీవర్ (రైఫిల్ ప్రధాన పెట్టె), పై కవర్, ట్రిగ్గర్ భాగాలు, రికాయిల్ స్ప్రింగ్, ఎడమకు మడిచే ప్లాస్టిక్ బట్ అన్నిటికీ ఒకటే నడిచాయి. అదే 7.62×51 లాంటి పొడుగు తూటా అయితే (మొత్తం 71 మి.మీ.) ఈ రిసీవర్‌లో పట్టదు.

అయినా బారెల్ ఒక్కటి మారిస్తే చాలదు. బోల్ట్ ముఖం కూడా మారాలి. తూటా అడుగు రిమ్ 7.62కి 11.35 మి.మీ., 5.45కి 10.0, 5.56కి 9.6. చిన్న రిమ్‌ని పెద్ద బోల్ట్ ముఖంలో పెడితే కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు సరిగా అందదు, ఖాళీ కేసు ఛాంబర్‌లోనే (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) మిగులుతుంది. బారెల్ నుంచి గ్యాస్ తీసి బోల్ట్‌ని వెనక్కి తోసే రంధ్రం కొలత కూడా తూటాను బట్టి ఉంటుంది. వెనక సైట్ ఆకు మీద దూరాల గీతలు కూడా వేరే: 415 మి.మీ. బారెల్ నుంచి 103 గుండు సుమారు 715 మీ/సె., 101 గుండు సుమారు 910 మీ/సె. వేగంతో వస్తాయి. దూరం పెరిగేకొద్దీ రెండూ కిందికి దిగే తీరు ఒకటి కాదు. 5.45 కోసం గీతలు వేసిన స్కోప్‌ని 103 మీద బిగించి, గీతల్ని నమ్ముకుని కొడితే గుండు లక్ష్యానికి కింద పడుతుంది. స్కోప్ చెడిపోయిందని దాన్ని తిట్టడం తప్పు.

మ్యాగజైన్ వంపు చూడండి, అదే అన్నిటికన్నా అందంగా ఉంటుంది. 7.62×39 కేసు అడుగున 11.35, భుజం దగ్గర 10.07, బాగా సన్నబడుతుంది. అలాంటి 30 తూటాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే విసనకర్రలా వంగుతాయి, మ్యాగజైన్ కూడా వంగాల్సిందే. 5.56 కేసు 9.6 నుంచి 9.0కే తగ్గుతుంది, దాదాపు నిటారు గొట్టం. అందుకే 101 మ్యాగజైన్‌కి వంపు తక్కువ.

గోదారిగట్టు

101 అమ్ముడుపోకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను: నిటారు కేసు ఛాంబర్ గోడని వదలదు, పైగా ఒత్తిడి ఎక్కువ. ఏకే యంత్రానికి 5.56 అసలు కుదరలేదు.

పాతఇనుము

గోదారిగట్టు గారూ, సగం ఒప్పుకుంటాను. సన్నబడే కేసు కొద్దిగా వెనక్కి జరగగానే గోడ నుంచి పూర్తిగా విడిపోతుంది. నిటారు కేసుని చాలా దూరం రాసుకుంటూ లాగాలి. ఒత్తిడి లెక్క కూడా నిజమే: 7.62×39 గరిష్ఠం సుమారు 355 మెగాపాస్కల్‌లు, 5.45కి 380, నాటో 5.56కి 430 దాకా. కానీ ఏకే బోల్ట్ క్యారియర్ (బోల్ట్‌ని మోసుకెళ్లే భాగం) బరువైనది, గ్యాస్ కావలసినదానికన్నా ఎక్కువే వదులుతారు, ఎక్స్‌ట్రాక్టర్ గోరు వెడల్పు. ఆ కేసుని లాగే బలం దానికి ఉంది.

దాని అసలు ఇబ్బంది ఇంకోటి. ఏకేలో గ్యాస్ రెగ్యులేటర్ లేదు. మన సైన్యం పాత రైఫిల్ 1ఏ1 ఎస్‌ఎల్‌ఆర్‌లో వలయం తిప్పి గ్యాస్ తగ్గించొచ్చు, పెంచొచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. 5.56 తూటా పది దేశాల్లో పది రకాల పౌడర్‌తో తయారవుతుంది. గ్యాస్ ఎక్కువ వచ్చే లాట్ పడితే క్యారియర్ వెనక గోడని గట్టిగా కొడుతుంది, ఖాళీ కేసులు మరీ దూరం ఎగిరిపడతాయి, కాలక్రమంలో రివెట్ల దగ్గర అరుగుదల మొదలవుతుంది. రైఫిల్ ఆగిపోదు, వయసు తగ్గుతుంది.

ఎర్రమట్టి

అమ్మకాల సంగతి నేను చెప్తా. 5.56 వాడే సైన్యం గిడ్డంగిలో ఎం16 రకం మ్యాగజైన్లు లక్షల్లో ఉంటాయి. ఏకే-101 వాటిని తీసుకోదు, దాని మ్యాగజైన్ దానిదే. తూటా ఒకటే అయినా మ్యాగజైన్లు, పౌచ్‌లు, శిక్షణ అన్నీ కొత్తగా కావాలి. అలాంటప్పుడు కొనేవాడు ఇంకో ఎం16 కుటుంబం రైఫిలే చూసుకుంటాడు. ఇటు ఏకేలకు అలవాటుపడిన సైన్యాల దగ్గర 7.62×39 తూటాలు గుట్టలుగా ఉన్నాయి, పాత ఏకేఎం (7.62×39 వాడే సోవియట్ ఏకే) ఇనుప మ్యాగజైన్లు 103లో నేరుగా లాక్ అవుతాయి. ఇండోనేషియా, మలేషియా లాంటి చోట 5.56 ఏకేలు కొన్నారు కానీ, ఎక్కువమందికి తర్కం 103 వైపే లాగింది.

దీనికి పెద్ద మినహాయింపు వెనిజులా. వాళ్ల పాత రైఫిల్ ఎఫ్‌ఎన్ ఫాల్, తూటా 7.62×51. అంటే గిడ్డంగిలో 7.62×39 తూటా గుట్టలేమీ లేవు. అయినా 2005లో 1,00,000 ఏకే-103లకు ఆర్డర్ ఇచ్చారు, తర్వాత అక్కడి మరకై నగరంలో రైఫిళ్లకీ తూటాలకీ ఫ్యాక్టరీలు కట్టే ఒప్పందం చేసుకున్నారు. 2006లో అమెరికా వాళ్లకి ఆయుధాల అమ్మకం నిషేధించింది. రాజకీయం ఎటు వెళ్తోందో అప్పటికే స్పష్టంగా ఉంది. రైఫిళ్లు త్వరగానే చేరాయి, ఫ్యాక్టరీల పని మాత్రం ఏళ్ల తరబడి సాగింది. ఎగుమతి రైఫిల్ ఒప్పందంలో నేను ముందు చూసేది ఈ భాగాన్నే: తూటా ఎక్కడ తయారవుతుంది, బారెల్ ఉక్కు ఎవరిస్తారు. రైఫిల్ ధర ఆ తర్వాత.

బరువు కూడా తూకం వేసుకోవాలి. ఒక్కో తూటా 7.62×39 సుమారు 16.3 గ్రాములు, 5.56 సుమారు 12. అంటే 300 తూటాలకి 4.9 కిలోలు, 3.6 కిలోలు. 103 తీసుకున్న జవాను ఒకటింబావు కిలో అదనంగా మోస్తాడు, దానికి బదులు బరువైన 7.9 గ్రాముల గుండు దక్కుతుంది.

నాగావళి

ధన్యవాదాలు అండీ. పాత తూటాల గుట్ట అన్నారు కదా, అవి కొత్త బారెల్‌కి హాని చేయవా?

పాతఇనుము

చేస్తాయి, చూసుకోకపోతే. పాత సోవియట్, చైనా తూటాల్లో చాలావాటి ప్రైమర్‌లో (తూటా అడుగున నిప్పు అంటించే భాగం) పొటాషియం క్లోరేట్ ఉంటుంది. కాలాక అది పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది, అచ్చం ఉప్పులా గాల్లో తేమని పీలుస్తుంది. మన కోస్తా గాలి లాంటి చోట ఒక్క రాత్రిలోనే తుప్పు కనపడుతుంది. జనం చేసే తప్పు వెంటనే నూనె పూయడం. ఉప్పు నూనెలో కరగదు. నూనె కింద భద్రంగా కూర్చుని పని కానిచ్చేస్తుంది. దాన్ని కరిగించేది నీళ్లే.

పద్ధతి ఇలా. మ్యాగజైన్ తీసి, బోల్ట్ లాగి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూడాలి. పై కవర్, స్ప్రింగ్, క్యారియర్, బోల్ట్, గ్యాస్ ట్యూబ్ ఈ వరసలో విప్పాలి. వేడి నీళ్లు ఛాంబర్ వైపు నుంచి బారెల్‌లోకి పోయాలి, తర్వాత గ్యాస్ ట్యూబ్, పిస్టన్ తల, బోల్ట్ ముఖం కడగాలి. బారెల్ మూతి దగ్గర ఉండే బ్రేక్ (కుదుపు తగ్గించే తొడుగు) తప్పనిసరిగా విప్పాలి, ఎందుకంటే అసలు మసి దాని మరల్లో దాక్కుంటుంది. పిన్ నొక్కి ఎడమకు తిప్పితే వస్తుంది, 103కి 24×1.5 కుడి మర, ఏకేఎంకి 14×1 ఎడమ మర, కాబట్టి ఒకదాని బ్రేక్ ఇంకోదానికి పట్టదు. పూర్తిగా ఆరాక పలచగా నూనె. మర్నాడు తెల్ల గుడ్డ ఒకసారి తోసి చూడాలి, ఎర్రగా వస్తే మళ్లీ నీళ్లతో మొదలుపెట్టాలి. బారెల్ లోపల క్రోమ్ పూత ఉంది కదా అని ధీమా వద్దు. గ్యాస్ ట్యూబ్‌కీ బయటి మరలకీ ఆ రక్షణ లేదు.

ఎర్రమట్టి

203 ప్రశ్న మిగిలిపోయింది. అదే వంశం, తర్వాతి తరం. బారెల్ 415 మి.మీ.యే, తూటా 7.62×39, పాత ఏకేఎం మ్యాగజైన్లు పడతాయి. మారినవి పట్టే, చూసే భాగాలు: పొడవు సర్దుకునే మడత బట్, వేలు ఆనించే మెట్టు ఉన్న సేఫ్టీ, పై కవర్ మీద రైలు. పాత కవర్ రేకు కాస్త ఆడుతుంది, అందుకే 103లో స్కోప్‌ని ఎడమ పక్క పట్టీకి తగిలిస్తారు. కవర్ మీదే స్కోప్ పెట్టాలంటే అది ప్రతిసారీ అదే చోట గట్టిగా కూర్చోవాలి, లేకపోతే విప్పి బిగించిన ప్రతిసారీ జీరో (సర్దిపెట్టిన గురి) పోతుంది. 203లో నేను మొదట పరీక్షించమనేది ఆ బిగింపునే.

మన ఒప్పందం 2021 డిసెంబర్‌లో, 6 లక్షల పైచిలుకు రైఫిళ్లకి. కోర్వా కంపెనీలో మన వాటా 50.5 శాతం, కలాష్నికోవ్ 42, రోసోబోరోన్‌ఎక్స్‌పోర్ట్ 7.5. మన సైన్యం 5.56 రైఫిల్ ఇన్సాస్ నుంచి మళ్లీ 7.62×39కి వెళ్లడం కొందరికి వెనకడుగులా అనిపిస్తుంది. కానీ 1990ల నుంచే తూర్పు యూరప్ ఏకేలు మన దళాల దగ్గర ఉన్నాయి, ఆ తూటా, ఆ మ్యాగజైన్ మనకి కొత్త కాదు.