క్నాబ్‌స్ట్రుపర్ గుర్రం కొనాలనుకుంటున్నా, ఏం చూసుకోవాలో చెప్పండి

ప్రశ్న – తెల్లజూలు

నమస్తే అండి. 8 ఏళ్ళుగా డ్రెసాజ్ (గుర్రం చేత పద్ధతిగా అడుగులు వేయించే స్వారీ) నేర్చుకుంటున్నా, ఇన్నాళ్ళూ రైడింగ్ స్కూల్ గుర్రాలే, ఇప్పుడు సొంతంగా ఒకటి కొనుక్కునే స్థితికి వచ్చా. మొదటి నుంచీ మనసంతా క్నాబ్‌స్ట్రుపర్ మీదే, తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలు చల్లినట్టుండే డెన్మార్క్ గుర్రం. బరువుగా ఉండే పాత బరోక్ టైపు కాదు, స్పోర్ట్ టైపు కావాలి. 6 నెలలుగా వెతుకుతున్నా, ప్రకటనలు రావడమే తక్కువ, వచ్చినా రెండు రోజుల్లో అమ్ముడైపోతున్నాయి. పోయిన నెల ఒకటి దాదాపు ఖాయం చేసుకున్నా, వీడియో ఎంత బాగుందో, తీరా వెళ్ళి చూస్తే ఎడమ వైపు తిప్పినప్పుడల్లా ముందు కాలు కుంటుతోంది, వీడియో మొత్తం కుడి వైపు తిప్పుతూ తీసిందే. తిరిగొస్తూ దారంతా ఏడ్చాను. ఇప్పుడు ఒకే చోట రెండున్నాయి. ఒకటి 5 ఏళ్ళ ఆడది, దాదాపు మొత్తం తెలుపే, మచ్చలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రెండోది ఇంకా పాలు మరవని పిల్ల, ఒళ్ళంతా మచ్చలు, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఏం అడగాలి, ఏం చూడాలి?

జవాబు – గిట్టలచప్పుడు

ముందు ఆ కుంటిదాన్ని వదిలేసి వచ్చినందుకు మెచ్చుకోవాలి, ఇష్టపడ్డ గుర్రాన్ని వద్దనుకోవడం చాలా కష్టం. ఇవి ఎందుకింత తక్కువో తెలిస్తే ఓపిక వస్తుంది. 1812లో క్నాబ్‌స్ట్రుప్ ఎస్టేట్‌లో లున్ అనే ఆయన ఒక మచ్చల ఆడ గుర్రాన్ని ఒక కసాయి దగ్గర కొన్నాడు, నెపోలియన్ యుద్ధాలప్పుడు వచ్చిన స్పెయిన్ సైన్యం వదిలివెళ్ళిందని చెప్పుకుంటారు, దాన్ని ఫ్రెడెరిక్స్‌బోర్గ్ అనే డెన్మార్క్ జాతి మగ గుర్రంతో కలిపితే పుట్టిన పిల్లతో ఈ జాతి మొదలైంది. అంత చిన్న మూలం కాబట్టి దగ్గరి రక్తంలోనే కలపాల్సి వచ్చింది, దానికి తోడు 1891లో లాయంలో మంటలొచ్చి 22 గుర్రాలు పోయాయి. 1971లో కొత్త రక్తం కోసం అమెరికా మచ్చల జాతి అప్పలూసా మగ గుర్రాల్ని 3 తెప్పించుకున్నారు, ఆ తర్వాత వార్మ్‌బ్లడ్, అంటే యూరప్ స్పోర్ట్ గుర్రాల రక్తం కూడా కలుస్తూ వచ్చింది, మీరడిగే స్పోర్ట్ టైపు అలా వచ్చిందే.

ఇప్పుడు మీ రెండు గుర్రాల సంగతి. మచ్చలకి మూలం ఎల్‌పీ అనే జన్యువు, ప్యాటర్న్ 1 అనే ఇంకో జన్యువు తెలుపు ఎంత పరుచుకోవాలో చూస్తుంది. ఎల్‌పీ తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క కాపీ వచ్చి, ప్యాటర్న్ 1 తోడైతే ఒళ్ళంతా మచ్చలు. ఎల్‌పీ ఇద్దరి నుంచీ వచ్చి రెండు కాపీలైతే మచ్చలు దాదాపు మాయమై మీ 5 ఏళ్ళ దానిలా ఉంటుంది, ఫ్యూ స్పాట్ అంటారు. దాని పిల్లలన్నిటికీ ఎల్‌పీ ఖాయంగా వస్తుంది కాబట్టి బ్రీడింగ్ చేసేవాళ్ళు దాని కోసం పోటీ పడతారు, మీకు రైడింగే కాబట్టి ఆ లెక్కకి ఎక్కువ ధర ఇవ్వక్కర్లేదు. పిల్ల విషయంలో ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి, తల్లీ తండ్రుల్లో ఎవరైనా గ్రే రంగా అని. గ్రే జన్యువు వచ్చిందంటే ఇప్పుడు ముచ్చటపడుతున్న మచ్చలన్నీ కొన్నేళ్ళలో తెలుపులో కలిసిపోతాయి. జూలు వెంట్రుకలు ఇరవై ముప్పై కుదుళ్ళతో సహా పీకి ల్యాబ్‌కి పంపితే ఎల్‌పీ, ప్యాటర్న్ 1, గ్రే అన్నీ తేలతాయి.

జవాబు – రాత్రిలాయం

నాకూ ఫ్యూ స్పాట్ ఆడ గుర్రమే ఉందక్కా, అందుకే రాస్తున్నా. ఎల్‌పీ రెండు కాపీలున్న గుర్రానికి పుట్టుకతోనే రేచీకటి ఉంటుంది. వయసుతో ముదరదు, పగలు మామూలుగానే చూస్తుంది, కానీ వెలుతురు తగ్గితే దానికి ఏమీ కనపడదు. నేను ఇది తెలియకుండానే కొన్నా. చలికాలం సాయంత్రాలు ఇండోర్ అరీనా గుమ్మం దగ్గర ఆగిపోయేది, మొండితనం అనుకుని కాలితో గట్టిగా తట్టేదాన్ని, అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు పిండేసినట్టుంటుంది. ఇప్పుడు పొద్దు వాలకముందే లోపల కట్టేస్తా, లాయంలో దీపం ఆర్పను, ట్రైలర్ ఎక్కించాలంటే లోపల లైటు వేశాకే. ఇంత ప్రేమగల గుర్రాన్ని ఇంకెక్కడా చూడలేదు, మళ్ళీ కొనమన్నా దాన్నే కొంటా. మీరు మాత్రం ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడే వేళ వెళ్ళి చూడండి, సాయంత్రం వద్దని అమ్మేవాళ్ళు సాకులు చెబితే ఆలోచించుకోండి.

జవాబు – గిట్టలచప్పుడు

రాత్రిలాయం గారు మంచి మాట గుర్తుచేశారు. ఎల్‌పీ ఉన్న గుర్రాల్లో కంటి లోపల వాపు పదేపదే వచ్చే జబ్బు, యువైటిస్, ముప్పు కూడా ఎక్కువ. ఒక్కోసారి నొప్పి పైకి కనపడకుండానే లోపల కన్ను పాడైపోతుంటుంది, అందుకని వెట్, అంటే పశువుల డాక్టర్ చేత కనుపాపలు పెద్దవయ్యే చుక్కలు వేయించి చీకటి గదిలో చూపించండి. వెట్ మీరు పెట్టుకున్నవాడై ఉండాలి, అమ్మేవాళ్ళు రోజూ పిలిచేవాడు కాదు. కాళ్ళు మడిచి పట్టి వదిలాక పరిగెత్తించే పరీక్ష, ఎక్స్‌రేలు, నొప్పి మందు ఇచ్చారేమో తేలడానికి రక్త పరీక్ష, ఇవీ చేయించండి. వార్మ్‌బ్లడ్ రక్తం ఉంది కాబట్టి, ముందు ముందు పిల్లలు వేయించే ఉద్దేశం ఉంటే ఫ్రజైల్ ఫోల్ (చర్మం పెళుసుగా పుట్టి పిల్ల బతకని జన్యు జబ్బు) పరీక్ష కూడా. గుర్రం గుర్తింపు పత్రం, పాస్‌పోర్ట్‌లో ఉన్న మైక్రోచిప్ నంబరు, గుర్రం ఒంట్లోని చిప్‌ని స్కానర్‌తో చూస్తే వచ్చేదానితో కలవాలి, కలవకపోతే ఆ బేరం అక్కడితో ఆపేయండి.

జవాబు – తెల్లజూలు

రేచీకటి సంగతి అసలు తెలియదు, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పొద్దున్నే ఫోన్ చేసి అడిగా, పిల్ల తండ్రి గ్రే అట. పిల్లని వదిలేస్తున్నా, ఎలాగూ ఎక్కడానికి ఇంకో మూడు నాలుగేళ్ళు ఆగాలి. 5 ఏళ్ళ దానికి ల్యాబ్ పరీక్ష చేయించడానికి ఒప్పుకున్నారు, శనివారం సాయంత్రం రమ్మన్నారు, నేనడగకముందే లైట్లు ఆపి కూడా చూసుకోండి అన్నారు. రెండు వైపులా తిప్పించి చూస్తా. వెట్ డేట్ కుదరగానే ఇక్కడే రాస్తా.

జవాబు – రాత్రిలాయం

లైట్లు ఆపాక ముందు మెడ మీద చెయ్యేసి కాసేపు మాట్లాడక్కా, ఆ తర్వాతే నడిపించు. గొంతు తెలిస్తే చీకట్లో కూడా నీ వెంట వస్తుంది.