అప్‌డేట్: పాలకొల్లు పాత సమాధి మీద రాత చదివేశాం

పోయిన నెల స్నేహితులతో వెళ్లి చూసిన సమాధి రాయి మీద అరిగిపోయిన రాత ఏ భాషదో, ఎలా చదవాలో ఇక్కడ అడిగాను కదా, అది డచ్చి. యానాం దగ్గరే కదా అని ఫ్రెంచి అనుకోవడం నా పొరపాటు.

మీరిచ్చిన సలహాల్లో పని చేసింది టార్చిది. చీకటిపడ్డాక పక్కనుంచి, రాయికి దాదాపు ఆనించి వెలుగు వేస్తే అరిగిన అక్షరాలకు నీడలు లేచాయి. మీరు చెప్పిన సుద్ద, నిమ్మరసం అవసరమే పడలేదు. నిమ్మరసం పోయకపోవడమే మంచిదైంది, పులుపు సున్నపురాయిని తినేస్తుంది.

ఫొటో చూసి చరిత్ర లెక్చరర్ గారు నవ్వారు. మేం ఇంగ్లీషు 'ఔట్' అనుకున్నది పాత డచ్చిలో 'వయసు గల' అని. పక్కన 'యారెన్', అంటే సంవత్సరాలు. మధ్యలో 27. మా వయసే! కాసేపు ఎవరం మాట్లాడలేదు.

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.