పొందూరు పంచె కట్టడం నిరాడంబరమా, ఆడంబరమా?

నాగావళి ఒడ్డు:
హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఆమదాలవలస దగ్గర మా ఊరికి వచ్చేశాను. ఏసీ లేదు, కారు అమ్మేశాను, షాపింగ్ యాప్‌లన్నీ ఫోన్లోంచి తీసేశాను. ఏడాదికి రెండు జతల పొందూరు ఖద్దరు (మా దగ్గరి పొందూరులో చేత్తో వడికి నేసే సన్నని బట్ట), అంతకు మించి కొత్త బట్ట కొనకూడదని నియమం పెట్టుకున్నాను. మొన్న ఒక పెళ్లిలో మా బావమరిది అందరి ముందూ అన్నాడు: "వేలు పోసి పంచె కొనుక్కుని మాకు పొదుపు పాఠాలు చెప్తావేంటి బావా?" అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకింకా మింగుడు పడలేదు. మీరు చెప్పండి, ఇందులో ఆడంబరం ఎక్కడుంది?

గరివిడి గడుసు:
మీ బావమరిది కరెక్టుగానే అన్నాడు. ఆ డబ్బుతో నా షాపులో ఇంటిల్లిపాదికీ బట్టలొస్తాయి. విజయనగరంలో చిన్న రెడీమేడ్ షాపు నాది. జనం ఫోన్లో కొనడం మొదలెట్టాక దసరాకి కూడా షాపులో ఈగలు తోలుకుంటున్నాం. యాప్‌లు తీసేశారు, సంతోషం. మరి ఆ డబ్బు మా గల్లాలోకైనా రావాలి కదా. అందరూ మీలాగ ఏడాదికి రెండు జతలు అంటే మేమేం తినాలి?
ఇంకోటి. ఖద్దరుకి గంజి పెట్టాలి, ఇస్త్రీ చేయాలి. ఆ కరెంటు ఎవరు లెక్క కడతారు?

నాగావళి ఒడ్డు:
మీరమ్మే పాలిస్టర్ పెట్రోలియం నుంచి వస్తుంది. ఉతికిన ప్రతిసారీ సన్నని ప్లాస్టిక్ పీచు నీళ్లలో కలుస్తుంది. నా పంచె చిరిగితే మసిగుడ్డ అవుతుంది, తర్వాత మట్టిలో కలిసిపోతుంది. ఇస్త్రీ నేను చేయను.

గరివిడి గడుసు:
ఇస్త్రీ లేకుండా ఖద్దరు కట్టుకుని పెళ్లికి వెళ్లారా? అందుకే నవ్వారేమో!

సిక్కోలు చిన్నోడు:
గంజి ఎక్కడిది బావూ, అందరం కుక్కర్లోనే కదా వండుతున్నాం 😄

బొబ్బిలి కోట:
బట్టల గోల సరే, గోనె సంచుల సంగతి ఎవరికైనా గుర్తుందా? మన జిల్లాలో గోగునార పండించే రైతులుండేవారు, జూట్ మిల్లులుండేవి. ధాన్యం గోనె సంచుల్లోనే నింపాలని 1987లో చట్టం తెచ్చారు. అయినా ప్లాస్టిక్ సంచి వచ్చింది, మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. మా నాన్న ఒకదాంట్లో పనిచేసేవారు. బకాయి ఇప్పటికీ రాలేదు.

గరివిడి గడుసు:
అన్నా, అది వేరే చర్చ. ఇక్కడ పంచె ధర గురించి మాట్లాడుతున్నాం.

నాగావళి ఒడ్డు:
ధర ధర అంటారు, దాని వెనక పనేమిటో తెలుసా? నూరు కౌంటు నూలంటే ఒక పౌండు దూదిలోంచి 84,000 గజాల దారం తీయాలి. అదీ చేత్తో, రాట్నం మీద. 1949 నుంచి పొందూరులో ఖాదీ కార్మికుల సంఘం నడుస్తోంది. ఆ చేతిపనిలో ఎంత తృప్తి ఉందో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ వడికే తల్లులు ఉన్నదాంతో హాయిగా బతికారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు రాట్నం ముట్టుకోరు. ఆశ ఎక్కువైపోయి విశాఖకీ హైదరాబాద్‌కీ పోతున్నారు. అసలు జబ్బు అదే.

ఏకు దారం:
ఇన్నాళ్లూ ఈ గ్రూపులో చదివి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోలేను. మీరు చెప్పిన ఆ ఆశపోతు పిల్లని నేనే. మా అమ్మ పొందూరులో ఏకులు, అంటే చుట్టిన దూది వత్తులు, దారంగా వడుకుతుంది. నేను విశాఖలో నర్సుని.
మీ తృప్తి ఎలా ఉంటుందో చెప్తాను వినండి. ముందు వలుగ చేప దవడ పళ్లతో, గింజ మీదున్న పత్తిని అలాగే దువ్వాలి. పీచంతా ఒక వైపుకి సాపు అవ్వాలి. తర్వాత గింజ తీయాలి, దూది ఏకాలి, ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో దాచాలి. ఆ తర్వాతే రాట్నం. ఫ్యాన్ వేస్తే దూది ఎగిరిపోతుందని అమ్మ మే నెలలో కూడా కట్టేస్తుంది. మీరు ఏసీ మానేశారు, అది మీ ఇష్టం. అమ్మకి ఫ్యాన్ వేసుకునే వీలే లేదు.
ఉపాధి హామీ కూలి 2024-25లో మన రాష్ట్రానికి రోజుకి 300 రూపాయలని నోటిఫై చేశారు. రోజంతా వడికినా అమ్మకి అందులో సగం రాదు. కళ్లు తగ్గాయి, నడుం వంగింది. వాషింగ్ మెషీన్ వాయిదాల మీద నేనే కొనిచ్చాను. మీ లెక్కలో అది కన్స్యూమరిజమేనా?

నాగావళి ఒడ్డు:
అమ్మా, మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు. కానీ నాలాంటివాళ్లు కొనకపోతే మీ అమ్మగారికి ఆ సగం కూడా రాదు కదా. నన్ను తిడితే లాభమేంటి?

ఏకు దారం:
కొనొద్దని ఎవరన్నారు సార్? దానికి సాదా జీవితం అని పేరు పెట్టి, మేం ఊరొదిలితే జబ్బు అనకండి, అంతే. ఒక్కటి అడుగుతాను. వడికేవాళ్లకి ఉపాధి హామీ అంత కూలి ఇచ్చి, దానికి తగ్గట్టు పంచె ధర పెంచితే మీరు కొంటారా?

గరివిడి గడుసు:
ఇంకా పెంచాలా! 🙏

నాగావళి ఒడ్డు:
కొంటాను. కాకపోతే ఉద్యోగం లేదు కాబట్టి రెండు జతల బదులు ఒకటి కొంటాను. ఎలాగూ తక్కువతో బతకడమే నా ఉద్దేశం.

ఏకు దారం:
అలా అయితే అమ్మకి కూలి పెరుగుతుంది, పని సగమవుతుంది. చేతికొచ్చేది అంతే.

నాగావళి ఒడ్డు:
దానికి నేనొక్కణ్ణి ఏం చేయగలను? నాలాంటివాళ్లు ఇంకో పదిమంది కొనాలి.

ఏకు దారం:
ఆ పదిమందినీ సాదాగా బతకమని మీరే కదా చెప్తున్నారు.

గరివిడి గడుసు:
నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే కదండీ! జనం కొంటేనే పనివాడికి కూడు. నర్సమ్మగారూ, మీరూ నా పక్షమే.

ఏకు దారం:
మీ పక్షం కాదు బాబూ. మా అమ్మ ఎవరో నేసేవాళ్లకి తెలుసు, కొట్లో అమ్మేవాళ్లకి తెలుసు. మీ షాపులో టీషర్టు ఎవరు కుట్టారో, వాళ్లకి ఎంత ఇచ్చారో మీకు తెలుసా?

గరివిడి గడుసు:
బిల్లు మీద తిరుపూర్, తమిళనాడు అని ఉంటుంది. అంతవరకే తెలుసు.