22 ఏళ్ల తమ్ముడికి లుకేమియా: కీమోకు ముందు ఏం అడగాలి?

ప్రశ్న: అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఒకరకం రక్త క్యాన్సర్) అన్నారు. ఈ వారమే కీమో మొదలు. డాక్టరుగారిని ఏం అడగాలి? ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి?

జవాబు 1: కీమో ఎక్కించకముందే రెండు అడగండి. పిల్లలకు వాడే ప్రోటోకాల్ (చికిత్స ప్రణాళిక) తరహా చికిత్స ఇస్తారా అన్నది మొదటిది. ఈ వయసువాళ్లకు పెద్దల పాత పద్ధతికన్నా అదే మెరుగు. రెండోది, మున్ముందు పిల్లలు కనడానికి వీలుగా వీర్యం ఫ్రీజ్ చేయించడం. కీమో మొదలయ్యాక ఇచ్చే శాంపిల్‌లో డీఎన్‌ఏ దెబ్బతిని ఉండొచ్చు. మొహమాటంతో చాలామంది ఈ మాటే ఎత్తరు, మీరే ఎత్తండి. (అమ్మాయిలైతే అండాలు తీయడానికి సుమారు 2 వారాలు కావాలి, ఈ జబ్బులో సాధారణంగా అంత ఆగనివ్వరు.)

జవాబు 2: డిజిటల్ థర్మామీటర్ కొనండి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ చేరితే అర్ధరాత్రైనా ఆసుపత్రికే. ముందుగా పారాసిటమాల్ వేయొద్దు. జ్వరం అణుగుతుంది గానీ ఇన్‌ఫెక్షన్ ఆగదు. న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) రక్తపరీక్షలో 500 లోపు ఉన్నప్పుడు చీము, వాపు పెద్దగా కనబడవు, చాలాసార్లు జ్వరమొక్కటే గుర్తు. పిక్ లైన్ (మందులు ఎక్కించడానికి చేతి నరంలో పెట్టే పొడవాటి గొట్టం) ఫ్లష్ చేశాక, అంటే సెలైన్‌తో శుభ్రం చేశాక వణుకొస్తే, జ్వరం లేకపోయినా వెంటనే ఫోన్ చేయండి.

జవాబు 3: అసలు చిక్కు తర్వాత వచ్చే మెయింటెనెన్స్‌లో, అంటే జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే చివరి దశ చికిత్సలో. సుమారు 2 ఏళ్లు, రోజూ మెర్‌కాప్టోప్యూరిన్ అనే కీమో మాత్ర. ఒళ్లు బాగుపడి కాలేజీకి వెళ్లడం మొదలెట్టాక కుర్రాళ్లు మాత్రలు ఎగ్గొడతారు, జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. అలారం పెట్టించండి, డబ్బా మాత్రం అతని చేతికే ఇవ్వండి. వేరే డాక్టరెవరైనా అలోప్యూరినాల్ (యూరిక్ యాసిడ్ తగ్గించే మందు, పై మాత్రతో పడదు) రాస్తే, క్యాన్సర్ డాక్టరుకు చెప్పకుండా వేసుకోకూడదు.